పర్లాకిమిడి పంతులుగారు



జూన్ నెల దగ్గర పడిందంటే గూడూరు నుండి చిల్లకూరు వచ్చే రహదారి పొడవునా బడుల ప్రకటనలు వెలుస్తాయి. ఒక బోర్డు టెక్నో అంటుంది, ఇంకొకటి ఒలింపియాడ్ అంటుంది. మూడేళ్ల పసివాడికి ఐఐటీ పునాది వేస్తామని మరొకటి. కొన్నేళ్ల కిందట అబాకస్ అన్న మాట లేని బోర్డు లేదు. ఇప్పుడు ఆ చోట కోడింగ్ అని రాస్తున్నారు. నిమ్మతోటల్లో కూలికి పోయే తల్లి, ఇసుక లారీ తోలే తండ్రి ఈ మాటలు చూసి అప్పు చేసి పిల్లవాణ్ణి చేర్పిస్తున్నారు. వారిని నేను తప్పుపట్టను. తాము పడిన పాట్లు బిడ్డ పడకూడదన్నదే వారి తాపత్రయం. అయితే ఈ బోర్డుల్లో ఏది నిలుస్తుంది, ఏది వచ్చే ఏడు చెరిగిపోతుంది అని తెలుసుకునే దారి వారికెవరూ చూపడం లేదు.

ఆ ప్రశ్న మనసులో పెట్టుకొని ఈ వారం మీకు ఒక బడిపంతులుగారి జీవితం చెప్పదలచుకున్నాను. పేరు మీకు కొత్త కాదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని బడుల్లో ఆయన పటానికి దండ వేస్తారు. దండ వేసిన పిల్లలకు ఆయన ఏం చేశారో చెప్పేవారు తక్కువ. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. కుమారుడు చిన్నవాడిగా ఉండగానే కన్నుమూశారు. బంధువుల ఆదరణలో విజయనగరం మహారాజావారి బడిలో చదువు సాగింది. అక్కడ ఈయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. వీరిద్దరి స్నేహం తరువాత తెలుగు చదువు గతినే మార్చింది గాని, ఆనాటికి ఇద్దరూ కలిగీ కలగని ఇళ్ల పిల్లలు. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయునిగా చేరారు. నెల జీతం ముప్పై రూపాయలు. మొదటి ఫారం పిల్లలకు చరిత్ర చెప్పాలి. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు.

ఈ చరిత్ర పంతులుగారు సెలవు దొరికితే ముఖలింగం వెళ్లి గుడి గోడల ముందు కూర్చునేవారు. ఆ రాళ్లమీద గంగరాజుల శాసనాలున్నాయి. ఆ లిపి నేర్పే గురువు లేడు. ఒక్కొక్క అక్షరాన్ని పోల్చుకుంటూ తనంతట తానే చదవడం నేర్చుకొని వాటిమీద వ్యాసాలు రాశారు. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన పెట్టి చూడడం, నమ్మే ముందు రుజువు అడగడం: ఆయన పద్ధతి జీవితాంతం ఇదే. ఏ బడిలో ఏ పేరుతో పిలిచినా చదువంటే ఇంతే గదా అని నాకనిపిస్తుంది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. సంతకు దిగివచ్చే సవరను బజారువాడు మోసం చేసేవాడు, కచేరీలో గుమాస్తా కసిరేవాడు. కారణం, వారి మాట వీరికి రాదు, వీరి మాట వారికి రాదు. రామమూర్తిగారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని సవర భాష నేర్చుకోసాగారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంట ఇది ఎంతటి సంగతో మీరే ఊహించండి. మన వేదబోధకులు కొండజాతుల భాషలు నేర్చారంటే వారికి వేదప్రచారమనే బాధ్యత ఉంది. ఈయనకు అటువంటి ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదు. పొరుగువాడి మాట తనకు అర్థం కావాలని నేర్చుకున్నారు.

సవరకు లిపి లేదు. అది తెలుగు కుటుంబానికి చెందిన భాష కూడా కాదు. ముండా భాషల కోవలోనిది. పంతులుగారు తెలుగు అక్షరాలతో సవర వాచకాలు, పాటలు, కథలు కూర్చారు. కొండ ఊళ్లలో సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఈ కృషికి మెచ్చి డబ్బు బహూకరించబోతే, ఆ డబ్బు తనకు వద్దనీ, దానితో సవర పిల్లలకు ఒక మంచి బడి పెడితే తాను చూసుకుంటాననీ అన్నారు. కొండల్లో తిరగడంవల్ల మన్యపు జ్వరం పట్టింది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవితో నేర్చుకోవలసిన భాష కోసం చెవులే పోగొట్టుకున్నారు. అయినా మానలేదు. చెవికి గొట్టం ఆనించుకొని విన్నారు, నోటి కదలిక చూసి గ్రహించారు, హెన్రీ స్వీట్ వంటివారి ధ్వనిశాస్త్ర గ్రంథాలు చదివి పట్టు సాధించారు.

ఇంతవరకు చెప్పినదానితోనే ఒక పుణ్యజీవితం పూర్తి అయింది. కాని ఆయన్ను తెలుగుదేశమంతా ఎరిగింది వేరే విషయంలో.

సవర పిల్లవాడికి సవరలో చెబితే చదువు వంటబట్టడం చూసిన కళ్లతో ఆయన తెలుగు బడిని చూశారు. అక్కడి సంగతి ఏమిటంటే, వాచకం గ్రాంథికంలో ఉంటుంది. చిన్నయసూరిగారి నీతిచంద్రిక, అటువంటి పుస్తకాలు. ఆ భాషను తెలుగునాట ఏ తల్లీ బిడ్డతో మాట్లాడదు. పంతులు పుస్తకంలోని వాక్యం చదివి, దాన్ని వాడుకమాటల్లో వివరిస్తాడు. పిల్లవాడికి అర్థమవుతుంది. కాని అర్థమైనదాన్ని అర్థమైన మాటల్లో పరీక్షలో రాస్తే తప్పు. మళ్లీ దాన్ని గ్రాంథికంలోకి మార్చాలి. మార్చడం చేతకాదు గనుక బట్టీ పట్టాలి. పదేళ్లు చదివినా సొంతంగా ఒక ఉత్తరం తప్పుల్లేకుండా రాయలేని యువకులు ఇలా తయారయ్యారు.

ఈ ఒక్క సంగతిని కాస్త నిదానంగా చూడండి. ఇప్పుడు మన ప్రాంతంలో ఇంగ్లీషు మీడియం అని పేరు పెట్టుకున్న అనేక బడుల్లో ఏం జరుగుతున్నది? పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. టీచరమ్మ తెలుగులో చెబుతుంది, ఎందుకంటే ఇంగ్లీషులో చెప్పడం ఆమెకూ అంతంత మాత్రమే. పిల్లవాడికి తెలుగులో అర్థమవుతుంది. పరీక్షలో ఇంగ్లీషులో రాయాలి గనుక గైడులోని జవాబు బట్టీ పడతాడు. భాష మారింది, యంత్రం అదే. అప్పుడు గ్రాంథికం కూర్చున్న కుర్చీలో ఇప్పుడు అరకొర ఇంగ్లీషు కూర్చుంది.

1906 ప్రాంతాన జె. ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. బడుల్లో చెప్పే తెలుగుకూ బయట జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకుందని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, రామమూర్తిగారు ఆయనతో కలిశారు. అప్పటినుండి వ్యావహారిక భాషోద్యమం మొదలైంది. 1912, 13 సంవత్సరాల్లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచన వాడుకభాషలో కూడా చేయవచ్చునని ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. దానితో తెలుగుదేశం రెండు పక్షాలైంది.

ఎదుటి పక్షం అల్పులది కాదు. జయంతి రామయ్య పంతులుగారు గొప్ప విద్వాంసులు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలిసింది ఆయన చలవతోనే. నెల్లూరుతో గాఢమైన అనుబంధం కలిగిన వేదం వేంకటరాయశాస్త్రిగారు ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగానిచేత చక్కని వాడుకమాటలు పలికించిన మహానుభావులు. అయినా చదువుల భాష దగ్గరకు వచ్చేసరికి ఆయనా గ్రాంథికం వైపే నిలిచారు. వారు చెప్పినదాంట్లో సారం లేకపోలేదు. గ్రాంథికం నన్నయనాటి నుండి వచ్చిన ఆస్తి, దాన్ని వదిలితే పాత కావ్యాలు పిల్లలకు పరాయివవుతాయన్నారు. వాడుకభాష అంటే ఎవరి వాడుక, నెల్లూరువారిదా, గంజాంవారిదా అని అడిగారు. ఇది తెల్లదొర తెచ్చిపెట్టిన కొత్త మోజు, నాలుగు రోజులకు పోతుంది అని కూడా అన్నారు.

ఏది నిలిచేది, ఏది పోయేది అన్న మన ప్రశ్న ఇక్కడ కాస్త తిరకాసు పడుతుంది. పాతది మూలమనీ కొత్తది మోజనీ మనం సులువుగా అనుకుంటాం. బోధనలో ప్రాచీనమని చెప్పి నిలబెట్టిన గ్రాంథికం నియమాలను గట్టిగా బిగించినది పంతొమ్మిదవ శతాబ్దం నడిమి కాలపు వ్యాకరణమే. పాఠశాల వచనంగా దాని వయసు పట్టుమని డెబ్బై ఏళ్లు కూడా లేదు. కొత్త మోజు అని ఈసడించిన వాడుకమాట మాత్రం తల్లి ఒడిలో బిడ్డ నేర్చుకునేది, ఎన్నో తరాలుగా వస్తున్నది. గుడి గోడలమీది శాసనాలు చదివిన మనిషి కాబట్టి రామమూర్తిగారికి ఈ సంగతి తెలుసు. వాదానికి దిగినప్పుడు ఆవేశపడి ఊరుకోలేదు. పాత వ్యాఖ్యానాల నుండి, వచన గ్రంథాల నుండి వాడుకరూపాలను వందలుగా ఏరి చూపించారు. గద్యచింతామణి అటువంటిదే. అంతటితో ఆగక, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులు తాము రాసిన పుస్తకాల్లోనే తమ వ్యాకరణాన్ని ఎన్నిచోట్ల తప్పారో పట్టిక వేశారు. ఆ పుస్తకం పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. తెలుగులో బూటకపు డాబు అనే అర్థం కూడా ఉంది. ఆయన హాస్యం కొంచెం కారంగానే ఉండేది. కొందరు పెద్దల మనసు నొచ్చింది కూడా. ఆ పని కొంత మెత్తగా చేసి ఉండవచ్చునని నా అభిప్రాయం.

వైద్యుడనగానే సెమినరీలో మేము చదువుకున్న పునీత తోమాసు అక్వీనాసుగారి బోధన ఒకటి గుర్తుకొస్తుంది. పదమూడవ శతాబ్దంలో ఆయన ఉపాధ్యాయుని గురించి విచారణ చేస్తూ వైద్యునితో పోల్చాడు. రోగిలో సహజంగా ఉన్న శక్తే రోగాన్ని నయం చేస్తుంది, వైద్యుడు దానికి తోడ్పడతాడు. అలాగే నేర్చుకునేది శిష్యుని బుద్ధి. గురువు దానికి తెలిసిన సంగతుల నుండి తెలియని సంగతులకు దారి చూపుతాడు. ఆయన చెప్పినదాని భావం ఇది. అలాంటప్పుడు శిష్యునికి తెలిసినది ఏమిటి? మొట్టమొదట తెలిసినది తన మాట. దాన్ని బడి గుమ్మం బయట విడిచి రమ్మంటే గురువు ఇక ఎక్కడినుండి మొదలుపెడతాడు? మరొక సంగతి కూడా చెబుతాను. పదిహేడవ శతాబ్దపు చివర ఫ్రాన్సులో పునీత జాన్ బాప్తిస్త్ దె లసాల్ పేదపిల్లలకు బడులు పెట్టి, ముందుగా లతీనులో చదవడం నేర్పే ఆచారాన్ని కాదని ఫ్రెంచిలో నేర్పించాడు. ఆయనకూ ఎదురుగాలి తప్పలేదు. పర్లాకిమిడి పంతులుగారు ఆ పునీతుని గురించి విన్నారో లేదో గాని, ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

ఎవరి వాడుక అన్న ప్రశ్నకు రామమూర్తిగారి జవాబు శిష్టవ్యావహారికం. చదువుకున్నవారు జిల్లా జిల్లాల మధ్య మాట్లాడుకునే, అందరికీ అర్థమయ్యే భాష. అది తెలివైన జవాబు, పనికివచ్చిన జవాబు. ఈనాడు మీరు చదువుతున్న పత్రికలన్నీ దాని బిడ్డలే. పూర్తి జవాబు మాత్రం కాదని నాకు అనుమానం. శిష్టులు కానివారి పిల్లల సంగతి ఏమిటి? మన తీరంలో యానాదుల బిడ్డ పలికే తెలుగు బడిలో నవ్వులపాలవుతుంది. సముద్రం ఒడ్డున పట్టపువారి ఇళ్లలో అరవం కలిసిన మాట వినిపిస్తుంది. ఆ పిల్లవాడికి బడి తెలుగే పరభాష. సవర కొండల్లో అంత స్పష్టంగా చూసిన ఆ కళ్లు ఈ పిల్లల్ని కూడా చూసేవేమో గాని, తెలుగు పోరాటమే ఆయన శక్తినంతా తీసుకుంది.

ఆ పోరాటంలో మొదట ఓటమే. 1914 నాటికి గ్రాంథికవాదులది పైచేయి అయింది. విశ్వవిద్యాలయ సంఘంలో ఉన్న గురజాడ తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి ఇచ్చి, 1915 నవంబరు 30న కన్నుమూశారు. ఇచ్చిన వెసులుబాటును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అప్పటికి రామమూర్తిగారు ముప్పై ఏళ్ల ఉపాధ్యాయ వృత్తి ముగించి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఉన్నారు. చెవులు సరిగా వినపడవు, సహచరుడు పోయాడు. ఇంకొకరైతే శాసనాలు చదువుకుంటూ కూర్చునేవారు. ఈయన 1919లో తెలుగు అనే పేరుతో ఒక పత్రిక మొదలుపెట్టారు. అది ఏడాదిపాటు నడిచింది. అదే ఏడు రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులెవరో తెలుసా? అంతవరకు గ్రాంథికంలో రాసి, గ్రాంథికానికి అండగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు. కొన్ని నెలలకే ఆయన మరణించారు గాని, అంత వయసులో మనసు మార్చుకొని దాన్ని పదిమందిలో ఒప్పుకున్న ఆ పెద్దమనసుకు చేయెత్తి మొక్కాలి.

తరువాత ఊరూరి సభలు. పుస్తకాల మూటతో వెళ్లి, ఎదుట కూర్చున్న పండితులకు వారి గ్రంథాల్లోనుంచే పుటలు తీసి చూపుతూ గంటల తరబడి ప్రసంగించేవారు. వయసు మళ్లిన పంతులుగారు, చెవిలో గొట్టం, ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పేవరకు వదలరు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వాడుకభాషపై నిషేధాన్ని ఎత్తివేసింది. 1933లో డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా రాజమండ్రిలో ఘనంగా సన్మానించారు. 1934లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చాయి.

ఈ సన్మానాల నడుమ మరొక దెబ్బ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి పోయింది. అది జరగకూడదని పోరాడినవారిలో ఆయన ఉన్నారు. యాభై అయిదేళ్లకు పైగా నివసించిన ఊరిని, డెబ్బై మూడో ఏట, విడిచి రాజమండ్రికి తరలివచ్చారు. సవర పని మాత్రం ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడ్డాయి. అంటే వాదోపవాదాల హోరులో ఊరూరా తిరిగిన కాలమంతా, ఇంట్లో ఒక మూల ఆ సవర మాటల చీటీలు పెరుగుతూనే ఉన్నాయి.

ఇంగ్లీషును ఆయన ద్వేషించారని అనుకోకండి. ఆధునిక తెలుగును సమర్థిస్తూ 1913లో ప్రభుత్వానికి ఇచ్చిన విన్నపం ఇంగ్లీషులోనే రాశారు, అదీ మంచి ఇంగ్లీషు. సొంత భాషలో ఆలోచించడం చేతనైనవాడు రెండో భాషను ఎంత బాగా నేర్చుకోగలడో చెప్పడానికి ఆయనే సాక్ష్యం. మన రాష్ట్రంలో 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటిలో ఒకటి నుండి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియమే ఉండాలని ఉత్తర్వు వచ్చింది; 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పుడు పేదవారి పిల్లలకు ఇంగ్లీషు వద్దంటారా అని కొందరు కోపగించుకున్నారు. ఆ కోపం న్యాయమైనది. కలిగినవాడు తన బిడ్డను ఇంగ్లీషు బడికి పంపుతూ లేనివాడికి మాతృభాష గొప్పతనం బోధిస్తే ఎవరికైనా మండుతుంది. అయితే ఇంగ్లీషు బాగా నేర్పడం వేరు, అర్థంకాని ఇంగ్లీషులో లెక్కలూ సైన్సూ బట్టీ పట్టించడం వేరు. ఈ రెంటికీ తేడా చూపకుండా ఇరుపక్షాలవారూ వాదించుకున్నారు. ఆ తరువాత 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు వచ్చాయి. వాటిలోని పాఠాలు అందించిన కంపెనీ 2024లో దివాలా విచారణకెక్కింది. ఆ ట్యాబు పట్టుకున్న పిల్లవాడు తన మాటల్లో నాలుగు వాక్యాలు రాయగలడా అని తల్లిదండ్రులు ఎవరినైనా అడిగారా?

నన్ను అడిగే తల్లిదండ్రులకు నేనొక పని చెబుతుంటాను. బడి బోర్డు చదవకండి. సాయంత్రం పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఈ రోజు ఏం చెప్పారో నాకు చెప్పు అనండి. వాడు తన మాటల్లో చెప్పగలిగితే ఆ బడి పేరు ఏదైనా ఫరవాలేదు.

1940 జనవరిలో రామమూర్తిగారు మద్రాసులో ఉన్నారు. ఆరోగ్యం బాగాలేదు. ఆ నెల 15న ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో సంపాదకులను కలుసుకొని, పత్రికలన్నీ వాడుకభాషలో రాయాలని వేడుకున్నారు. అదే ఆయన చివరి విన్నపం. వారం తిరిగేసరికి, జనవరి 22న, ప్రాణం విడిచారు. పత్రికలు ఒక్కొక్కటే ఆయన మాట విన్నాయి. విశ్వవిద్యాలయాలు కదలడానికి ఇంకొక తరం పట్టింది.

సవర కొండల్లో ఆయన నాటినది కుమారుడు సీతాపతిగారు కొంతకాలం కాపాడారు. ఆయన పర్లాకిమిడి విడిచిన 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన జాతి భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించాడు. 2004 నుండి మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు వాటిలో సవర ఉంది; తెలుగు అక్షరాలతోనే ఆ వాచకాలు అచ్చయ్యాయి, పంతులుగారు తొలి వాచకం కూర్చిన దాదాపు నూరేళ్లకు. ఆ ఎనిమిదింటిలో మన తీరపు పట్టపువారి మాట లేదు.